పిల్లకి ఒంట్లో బాగాలేదు: ఇంట్లో చూసుకోవాలా, డాక్టర్‌కి ఫోన్ చేయాలా, ఎమర్జెన్సీకి పరుగెత్తాలా?

మా పెద్దవాడికి మూడేళ్ళప్పుడు ఒక రాత్రి 104 జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. మా వంతు వచ్చేసరికి వాడు అక్కడి కుర్చీల కింద దూరి ఆడుకుంటున్నాడు. డాక్టర్ గొంతు చూసి, పారాసిటమాల్ మోతాదు చెప్పి పంపేశారు.

రెండేళ్ళ తర్వాత చిన్నదానికి తొమ్మిదో నెలలో జ్వరం వచ్చింది. థర్మామీటర్‌లో 100.6. ఇంతేగా, పొద్దున్న చూద్దాం అనుకుని, లైటు ఆర్పే ముందు తడిసిన చొక్కా మార్చడానికి పైకెత్తాను. ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతోంది. ఫోన్‌లో టైమర్ పెట్టి లెక్కపెడితే నిమిషానికి 64. ఆ రాత్రి దానికి ఆక్సిజన్ పెట్టారు.

రెండుసార్లూ నేను చూసింది థర్మామీటర్‌నే. రెండుసార్లూ అది నన్ను తప్పుదారి పట్టించింది. జ్వరం ఎంత ఉందన్నదాని కంటే పిల్ల ఎలా ఉందన్నది ఎక్కువ చెబుతుందని నాకు ఆ రెండో రాత్రి తెలిసింది. ఇక్కడ చెప్పబోయేదంతా దాని చుట్టూనే.

ఒంట్లో బాగాలేని పిల్లని పెట్టుకున్నప్పుడు మన ముందు ఉండేవి నాలుగు దారులు. ఇంట్లోనే ఉంచి కనిపెట్టుకుని ఉండటం. డాక్టర్‌కో హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయడం. ఆ రోజే క్లినిక్‌లో చూపించడం. ఉన్నపళంగా ఎమర్జెన్సీకి వెళ్ళడం.

## ఇవి కనిపిస్తే చదవడం ఆపి బయల్దేరండి

- పిల్ల పిలిచినా, గిల్లినా పలకడం లేదు, లేదా లేపినా మళ్ళీ మగతలోకి జారిపోతోంది
- ఊపిరి మధ్యమధ్యలో ఆగుతోంది, లేదా పెదాలు, నాలుక నీలంగా లేదా బూడిదరంగులోకి తిరిగాయి
- ఫిట్స్ 5 నిమిషాలు దాటినా ఆగలేదు, లేదా ఆగి మళ్ళీ వచ్చాయి
- మూడు నెలలు నిండని పసిబిడ్డకి 100.4 ఫారెన్‌హీట్ (38 సెల్సియస్) లేదా అంతకుమించి జ్వరం ఉంది
- ఒంటి మీద ఎర్రటి లేదా ఊదారంగు మచ్చలు వచ్చాయి, గాజు గ్లాసుతో నొక్కినా మాయం కావడం లేదు
- పాలుగానీ నీళ్ళుగానీ అసలు తాగలేకపోతోంది, లేదా పట్టిందంతా కక్కేస్తోంది
- ముఖమో పెదాలో వాచి, ఊపిరి అందడం లేదు

వీటికి ఫోన్ చేసి అడగడం కూడా ఆలస్యమే. ఇక మిగతా చాలావాటికి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది, వెంటనే వెళ్ళాల్సినవి ఇంకా ఉంటే కింద ఎక్కడికక్కడ చెబుతాను.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

ఎమర్జెన్సీలో పిల్లల డాక్టర్లు బిడ్డ మీద చెయ్యి వేయకముందే, గుమ్మం దగ్గర నుంచే మూడు విషయాలు చూస్తారు: పిల్ల తీరు, ఊపిరి, ఒంటి రంగు. దీన్ని పీడియాట్రిక్ అసెస్‌మెంట్ ట్రయాంగిల్ అంటారు. స్టెతస్కోప్ అక్కర్లేదు కాబట్టి ఇది మనమూ చూడగలం. దీనికి వయసు, నీళ్ళ లెక్క, గంటగంటకీ వచ్చే మార్పు కలుపుకుంటే ఇంట్లో తేల్చుకోవడానికి సరిపోతుంది.

ఊపిరి. ఒక్కటే చూసే టైము ఉంటే దీన్నే చూడమంటాను. బిడ్డ నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా ఉన్నప్పుడో చొక్కా పైకి లేపండి. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే చంటిపిల్లల్లో లెక్క తప్పుతుంది, ఎందుకంటే వాళ్ళ ఊపిరి ఒక దమ్ములో వేగంగా, ఒక దమ్ములో నిదానంగా నడుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రెండు నెలల లోపు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40, లేదా ఆ అంకెకి మించి ఉంటే అది వేగంగా ఆడుతున్న ఊపిరి. జ్వరం మీదున్నప్పుడు ఊపిరి కొంత వేగంగానే ఉంటుంది. అందుకని జ్వరం తగ్గాక మరోసారి లెక్కపెట్టండి.

అంకె కంటే ముఖ్యమైనది ఊపిరి కోసం పడే కష్టం. డొక్కలు ఎగరేయడం, మెడ కింద గుంట పడటం, ముక్కుపుటాలు విచ్చుకోవడం, ప్రతి ఊపిరికీ తల ఊగడం, ఊపిరి వదిలేటప్పుడు మూలుగు: వీటిలో ఏది కనిపించినా ఎమర్జెన్సీకే. కూర్చుని ఉన్నప్పుడు కూడా ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు గరగరమనే శబ్దం వస్తుంటే అదీ అంతే.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పిల్లికూతలతో ఆయాసపడుతున్న పిల్ల ఉన్నట్టుండి చప్పుడు లేకుండా అయిపోతే, "హమ్మయ్య, తగ్గింది" అనుకుంటాం. తగ్గి ఉంటే పిల్ల తేలిగ్గా మాట్లాడుతుంది, తాగుతుంది. అలా కాకుండా వాలిపోయి ఉంటే గాలి ఆడటమే తగ్గిపోయిందని అర్థం. అలసిపోయి నిదానించిన ఊపిరి వేగంగా ఆడే ఊపిరి కంటే ప్రమాదం.

తీరు. నిద్రకీ మగతకీ తేడా పట్టుకోవడం ఇందులో కష్టమైన పని. మేజోళ్ళు తీసి అరికాలు రుద్దండి. నిద్రపోయే పిల్ల కాలు లాక్కుని విసుక్కుంటుంది, చిరాగ్గా ఏడుస్తుంది. మగతలో ఉన్న పిల్ల కళ్ళు సగం తెరిచి మళ్ళీ వాల్చేస్తుంది. మీ కళ్ళలోకి చూస్తోందా, ఇష్టమైన బొమ్మ చూపిస్తే చెయ్యి చాపుతోందా, ఎత్తుకుంటే ఊరుకుంటోందా? గట్టిగా ఏడ్చే పిల్ల కంటే ఏడవడానికి కూడా ఓపిక లేని పిల్ల గురించి ఎక్కువ భయపడాలి. ఎప్పుడూ లేని సన్నటి గొంతుతో కీచుమని ఏడవడం, ఎత్తుకుంటే ఇంకా ఎక్కువ ఏడవడం, మెడ వంచలేకపోవడం, వెలుతురు చూడలేకపోవడం, ఏడవకుండా నిటారుగా ఉన్నప్పుడు కూడా మాడు ఉబ్బి ఉండటం మెదడుకి సంబంధించిన ఇన్ఫెక్షన్‌కి గుర్తులు కావచ్చు.

రంగు. చామనఛాయ, నలుపు ఒళ్ళున్న పిల్లల్లో చర్మం మీద నీలం, పాలిపోవడం తేలిగ్గా కనిపించవు. పెదాల లోపలి వైపు, నాలుక, చిగుళ్ళు, గోళ్ళు, కింది కనురెప్ప లోపలి భాగం, అరచేతులు చూడండి. ఇంకో పరీక్ష ఉంది: ఛాతీ మధ్య ఎముక మీద వేలితో 5 సెకన్లు నొక్కి వదిలితే, పాలిపోయిన చోటికి రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. మూడు సెకన్లు పట్టి, దానికి మగతో ఆయాసమో తోడైతే రక్తప్రసరణ దెబ్బతింటోందని అనుమానించాలి. జ్వరం ఎక్కేటప్పుడు చేతులూ కాళ్ళూ చల్లబడటం మామూలే. అందుకే వేలికొనల మీద కాకుండా ఛాతీ మీద చూడమంటున్నాను.

నీళ్ళ లెక్క. ఎంత తాగిందన్నది అందరూ చూస్తారు, ఎన్నిసార్లు మూత్రం పోసిందన్నది మాత్రం డాక్టర్ అడిగినప్పుడే గుర్తొస్తుంది. చంటిబిడ్డ డైపర్ ఆరేడు గంటలు పొడిగా ఉంటే, పెద్దపిల్ల పన్నెండు గంటలు మూత్రానికి వెళ్ళకపోతే ఒంట్లో నీరు తగ్గిందన్నమాట. ఏడిస్తే కన్నీళ్ళు రాకపోవడం, నోరు ఎండిపోవడం, కళ్ళు లోపలికి పోవడం, మాడు గుంట పడటం దాని తర్వాతి మెట్లు.

వయసు, మార్పు. పిల్ల ఎంత చిన్నదైతే ఆగే టైము అంత తక్కువ. పైన ఇచ్చిన మూడు నెలల నిబంధనకి సర్దుబాటు లేదు. అంత పసిబిడ్డలో తీవ్రమైన ఇన్ఫెక్షన్‌కి జ్వరం ఒక్కటే గుర్తు కావచ్చు, ఒక్కోసారి జ్వరానికి బదులు ఒళ్ళు చల్లబడవచ్చు కూడా. ఇక మార్పు విషయానికొస్తే, ఒక కాగితం మీద టైము, జ్వరం, ఊపిరి లెక్క, తాగింది, మూత్రం రాసుకుంటూ వెళ్ళండి. నిద్రలేని కళ్ళతో మన జ్ఞాపకాన్ని నమ్మలేం.

మరి జ్వరం? బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ ఐదేళ్ళలోపు పిల్లల జ్వరానికి పచ్చ, పసుపు, ఎరుపు రంగుల పట్టిక పెట్టుకుంది. ఆరు నెలలు దాటిన పిల్లల్లో జ్వరం ఎత్తుని మాత్రమే చూసి జబ్బు తీవ్రత తేల్చవద్దని అందులో ఉంది. మందు వేస్తే జ్వరం దిగిందా లేదా అన్నది కూడా ఏమీ తేల్చదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | ఇంట్లో ఉంచవచ్చు | ఆ రోజే డాక్టర్ చూడాలి | ఇప్పుడే ఎమర్జెన్సీ |
|---|---|---|---|
| ఊపిరి | వయసుకి తగ్గ వేగం, కష్టం లేదు | జ్వరం తగ్గినా కాస్త వేగంగా ఉంది, కానీ కష్టపడటం లేదు | డొక్కలు ఎగరేయడం, మూలుగు, నీలం |
| తీరు | జ్వరం తగ్గినప్పుడు ఆడుతోంది | నీరసంగా ఉంది, కానీ పలుకుతోంది, నవ్వించవచ్చు | మగత, లేపలేకపోవడం, ఎంత ఎత్తుకున్నా ఆగని ఏడుపు |
| తాగడం | కొద్దికొద్దిగా తాగుతోంది | మామూలులో సగం కూడా తాగడం లేదు | అసలు తాగలేదు, అంతా కక్కేస్తోంది |
| మూత్రం | కాస్త తగ్గింది | బాగా తగ్గింది, ముదురు రంగు | అసలు లేదు, పైగా మగత |
| జ్వరం | ఆరు నెలలు దాటింది, మూడు రోజుల లోపు | 3 నుంచి 6 నెలల బిడ్డకి 39 సెల్సియస్ (102.2 ఫారెన్‌హీట్), లేదా ఎవరికైనా మూడు రోజులు దాటింది | మూడు నెలల లోపు బిడ్డకి 38 సెల్సియస్ |

పట్టికలో "ఇంట్లో ఉంచవచ్చు" అన్నది పచ్చ, "ఆ రోజే డాక్టర్ చూడాలి" అన్నది పసుపు, "ఇప్పుడే ఎమర్జెన్సీ" అన్నది ఎరుపు అనుకోండి. ఒక వరుస పచ్చగా, ఇంకో వరుస ఎర్రగా ఉంటే సగటు తీయకండి. ఎర్రగా ఉన్నదే లెక్క.

## ఒక్కో దారి మంచీ చెడూ

ఇంట్లో ఉంచడం చాలా జ్వరాలకీ, జలుబులకీ, మామూలు విరేచనాలకీ సరైనదే. పిల్ల తన మంచం మీద నిద్రపోతుంది, ఆసుపత్రిలో ఇంకో జబ్బు అంటించుకునే బెడద ఉండదు. కానీ ఇంట్లో ఉంచడమంటే రాత్రి రెండు మూడుసార్లు లేచి ఊపిరి చూడాలి. అలా లేవగలిగే మనిషి ఇంట్లో లేకపోతే ఈ దారి మీకు కాదు.

పారాసిటమాల్ మోతాదు వయసుని బట్టి కాకుండా బరువుని బట్టి ఉంటుంది: కిలోకి 15 మిల్లీగ్రాముల దాకా, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగుసార్లకి మించకుండా. చుక్కల మందూ సిరప్పూ ఒకే గాఢత ఉండవు, సీసా మీద చూసి కొలవండి. ఆస్పిరిన్ పిల్లలకి వద్దు, కాలేయాన్నీ మెదడునీ దెబ్బతీసే రేయ్స్ సిండ్రోమ్ (Reye's syndrome) వచ్చే ప్రమాదం ఉంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు రాసి ఉంటే అన్ని నీళ్ళలోనే కలపాలి. వాంతయితే పది నిమిషాలు ఆగి, ఆ తర్వాత నిమిషానికో చెంచా. గ్లాసు నోటికి పెడితే దాహంతో గడగడా తాగి మళ్ళీ కక్కేస్తారు.

ఫోన్ పసుపు రంగు పరిస్థితులకి మంచిది. అవతలి మనిషికి పిల్ల కనబడదు, మీ మాటే కనబడుతుంది. "జ్వరం ఎక్కువగా ఉందండీ" అంటే వాళ్ళు చెప్పగలిగేది తక్కువ. "పద్నాలుగు నెలలు, పది కిలోలు, ఊపిరి నిమిషానికి 46, మధ్యాహ్నం నుంచి ఒక్కసారే మూత్రం" అంటే చాలా చెప్పగలరు. పదిహేను నిమిషాల్లో ఎవరూ ఎత్తకపోతే పై మెట్టుకి వెళ్ళండి.

క్లినిక్ తెరిచి ఉంటే చెవినొప్పి, గొంతునొప్పి, మూడు రోజులు దాటిన జ్వరం, మూత్రంలో మంట లాంటి వాటికి ఎమర్జెన్సీ కంటే ఇదే మేలు. మీ పిల్లని ముందు నుంచీ చూస్తున్న డాక్టర్‌కి మార్పు తేలిగ్గా తెలుస్తుంది. దీనికున్న లోపం టైము. "తెల్లారి తొమ్మిదికి తెరుస్తారు" అనే మాట ఎర్ర గుర్తులున్న పిల్లని రాత్రంతా ఇంట్లో ఉంచడానికి సాకు అవుతుంది.

ఎమర్జెన్సీ అంటే ఆక్సిజన్, సెలైన్, రక్తపరీక్ష, ఎక్స్‌రే ఒక్కచోట ఉండటం. అక్కడ వచ్చిన వరసలో చూడరు, ఎవరికి ఎక్కువ ప్రమాదమో వాళ్ళని ముందు చూస్తారు. మిమ్మల్ని రెండు గంటలు కూర్చోబెట్టారంటే చిరాకొస్తుంది గానీ, ఒక రకంగా అది మంచి వార్తే. కూర్చున్న సేపు పిల్ల పరిస్థితి దిగజారితే మాత్రం మీ వంతు కోసం చూడకుండా లేచి నర్సుకి చెప్పండి.

సొంత బండా, అంబులెన్సా? స్పృహ లేకపోతే, ఫిట్స్ ఆగకపోతే, ఊపిరి బాగా కష్టంగా ఉంటే, పైనుంచి పడి మెడకో వెన్నుకో దెబ్బ తగిలి ఉంటే అంబులెన్స్. ఫోన్‌లో వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేయండి. రావడానికి బాగా ఆలస్యమవుతుందని తెలిస్తే ఆ మాట వాళ్ళనే అడిగి బండిలో బయల్దేరవచ్చు. అప్పుడు నడిపే మనిషి వేరు, పిల్లని చూసుకునే మనిషి వేరుగా ఉండాలి. ఆయాసపడే పిల్లని బలవంతంగా పడుకోబెట్టకండి. తనకి ఊపిరి ఎలా తేలిగ్గా ఉంటే అలాగే కూర్చోనివ్వండి.

## కొందరికి లెక్క మారుతుంది

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు, గుండె జబ్బు, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు, షుగర్, క్యాన్సర్ చికిత్స, స్టిరాయిడ్లు ఉన్న పిల్లలకి పై పట్టిక సరిపోదు. వాళ్ళ డాక్టర్ దగ్గర "ఇంత జ్వరం వస్తే నేరుగా రండి" అనే గీత ముందే గీయించుకుని ఉంచుకోవాలి.

ఆసుపత్రి గంట ప్రయాణం దూరంలో ఉంటే పసుపునే ఎరుపుగా చూడండి. దారిలో గడిచే గంటని కూడా లెక్కలో వేసుకోవాలి. చీకటి పడే ముందే బయల్దేరితే మేలు. దగ్గర్లోని ఏ ఆసుపత్రిలో రాత్రిపూట పిల్లల డాక్టర్, ఆక్సిజన్ ఉంటాయో పిల్ల బాగున్న రోజునే ఫోన్ చేసి కనుక్కోవాలి. మూసిన గేటు ముందు అర్ధరాత్రి నిలబడటం అంత నిస్సహాయత ఇంకోటి లేదు.

మొదటి బిడ్డ తల్లిదండ్రులు అనవసరంగా వెళ్ళామేమో అని సిగ్గుపడతారు. రెండో మూడో బిడ్డ తల్లిదండ్రులకి ఎదురయ్యే చిక్కు వేరు: "పెద్దదానికీ ఇలాగే వచ్చి తగ్గింది" అనుకుంటారు. నా లెక్కలో రెండోదే ఎక్కువ ప్రమాదం. పిల్లని రోజూ చూసే మనిషి, అమ్మైనా అమ్మమ్మైనా, "ఇది మామూలుగా లేదు" అంటే కారణం చెప్పలేకపోయినా ఆ మాటని ఒక గుర్తుగానే లెక్కపెట్టండి.

## తడబడేలా చేసేవి

*జ్వరంతో ఫిట్స్.* ఆరు నెలల నుంచి ఐదేళ్ళ పిల్లల్లో వస్తాయి, చాలావరకు 5 నిమిషాల లోపే ఆగిపోతాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు, నీళ్ళు, మందు ఏదీ పెట్టకూడదు. ఆగిపోయినా, మొదటిసారి అయితే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

*జ్వరం తగ్గాక నీరసం.* డెంగీలో ప్రమాదఘట్టం జ్వరం దిగేటప్పుడే, సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల మధ్య, మొదలవుతుంది. జ్వరం పోయింది గానీ కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, చల్లటి చేతులు, చిరాకు ఉన్నాయంటే వెంటనే వెళ్ళాలి.

*వాంతి రంగు.* పసిబిడ్డ ఆకుపచ్చగా కక్కితే పేగు మెలిపడి ఉండవచ్చు. గంటలు లెక్కపెట్టే విషయమది. పాప కాళ్ళు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చి, కాసేపు ఊరుకుని, మళ్ళీ అదే మొదలుపెడితే పేగులో పేగు దూరిందేమో చూడాలి. విరేచనంలో రక్తం కనబడేదాకా ఆగవద్దు.

*మగపిల్లల కడుపునొప్పి.* పెద్దపిల్లలు సిగ్గుతో "కడుపు నొప్పి" అంటారు, అసలు నొప్పి వృషణంలో ఉంటుంది. వృషణం మెలిపడితే దాన్ని కాపాడుకోవడానికి ఆరు గంటల లోపు ఆపరేషన్ జరగడం మంచిది. సూటిగా అడగండి.

*తలకి దెబ్బ.* వెంటనే ఏడ్చి, కాసేపటికి ఆడుకుంటే చాలావరకు ఇంట్లో చూసుకోవచ్చు. స్పృహ తప్పినా, ఒకటికి మించి వాంతులైనా, మాట తడబడినా, ముక్కు చెవుల నుంచి నీరో రక్తమో వచ్చినా ఎమర్జెన్సీ. రెండేళ్ళలోపు పిల్ల మూడడుగుల పైనుంచి పడితే బాగానే కనిపించినా డాక్టర్ చూడాలి.

*మింగినవి.* బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలడం మొదలవుతుంది. పిల్ల మామూలుగా ఉన్నా ఆగకండి. ఒకటికి మించి అయస్కాంతాలు మింగినా అంతే. మందులు, క్లీనింగ్ ద్రవాలు మింగితే వాంతి చేయించవద్దు, ఆ సీసా వెంట తీసుకెళ్ళండి.

## అక్కడికి వెళ్ళాక

మీరు రాసుకున్న కాగితం ఇవ్వండి. వయసు, బరువు, ఎప్పుడు మొదలైంది, చివరి మందు ఏ టైముకి ఎంత వేశారు, ఏ మందు పడదు, ఆఖరిసారి మూత్రం ఎప్పుడు. మీకు భయం పుట్టించిన ఆ ఒక్క విషయం అన్నిటికంటే ముందు చెప్పండి. డొక్కలు ఎగరేయడం ఇంట్లో కనిపించి అక్కడ కనిపించకపోవచ్చు, అందుకని ఇంట్లోనే పది సెకన్ల వీడియో తీసుకుంటే మంచిది.

పరీక్షించి ఇంటికి పంపితే గుమ్మం దాటేముందు "ఏం కనిపిస్తే మళ్ళీ రావాలి?" అని అడిగి రాయించుకోండి. మా చిన్నదాన్ని ఆ రోజు సాయంత్రమే ఒక డాక్టర్ చూసి జలుబే అన్నారు, ఆయన చూసినప్పుడు అది జలుబే. ఊపిరి మారింది ఆ తర్వాత ఆరు గంటల్లో. సాయంత్రమే చూపించాం కదా అని మేం రాత్రి ఆగిపోయేవాళ్ళమే, చొక్కా తడవకపోతే.